చింతపండుతో కడిగిన రాతి దీపం: దుర్గికి ఒక రోజు

నవంబరు 11, మంగళవారం. పొద్దున ఆరు గంటలకల్లా అయిన పనులు: కల్లాపి, ముగ్గు ఒకటి. పాలు కాచి తోడు పెట్టడం రెండు. మావారికి మధ్యాహ్నానికి దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు మూడు. రెండు బకెట్ల బట్టలు ఉతికి ఆరేయడం నాలుగు. కార్తీకమాసం కనుక తులసి దగ్గర దీపం ఐదు. ఆరో పని ఇంట్లో ఉండి చేసేది కాదు. దానికోసం నరసరావుపేట నుంచి దుర్గి దాకా వెళ్ళి రావాలి.

ఈ బ్లాగులో ఇంతకు ముందు నేను రాసినవన్నీ చూడ్డానికి వెళ్ళిన ఊళ్ళు. దుర్గికి చూడ్డానికి వెళ్ళలేదు. ఒక మనిషికి ఎదురుగా నిలబడి మాట చెప్పడానికి వెళ్ళాను. అయినా దారి, బస్సులు, ఖర్చులు ఎప్పటిలాగే రాస్తాను. రాతిపని చూడాలనుకునే వాళ్ళకు పనికొస్తాయి.

సంగతి మొదలైంది అక్టోబరులో. ఫోన్‌లో మాకొక గృహిణుల గ్రూపు ఉంది, వస్తువులు అమ్మేవాళ్ళూ అందులో ఉంటారు. ఏ వస్తువు కొన్నా వాడి చూసి, కొలతా బరువూ రాసి, బాగుంటే బాగుందని, లేకపోతే లేదని అందులో పెడతాను. విజయక్క చెప్పిందంటే ఇక చూసుకోనక్కర్లేదని అందరూ అంటారు. ఆ మాట నాకు ఇష్టం, దాచుకోను. అక్టోబరు మొదటి వారంలో దుర్గి రాతి దీపాలు అమ్మే పేజీ ఒకటి కనిపిస్తే కార్తీకానికని ఒక దీపం తెప్పించుకున్నాను. ఎనిమిది వందల యాభై, కొరియర్‌తో కలిపే. జానెడు ఎత్తు, బూడిద రంగు రాయి, పైన ప్రమిద, చుట్టూ తామర రేకులు, కాండం మీద ఒక చిన్న హంస. మెసేజులన్నీ ‘మేము’, ‘మా వద్ద’ అని చాలా పద్ధతిగా ఉండేవి. ఆ ‘మేము’ చూసి పది మంది జీతగాళ్ళున్న షాపు అనుకున్నాను.

పౌర్ణమికి రెండు రోజుల ముందు ఇత్తడి సామాను మొత్తం పెరట్లో వేసుకుని చింతపండు, ఉప్పు పెట్టి తోమాను. రాతి దీపాన్నీ వాటిలోనే కలిపేశాను. నూనె జిడ్డు వదలడం లేదని దానికి చింతపండు గుజ్జు దట్టంగా పట్టించి పక్కన పెట్టాను. మిగతా పనుల్లో పడి మరిచిపోయాను. తెల్లారి కడిగి చూస్తే నున్నటి రాయి తెల్లగా పాలిపోయి ఉంది. రేకుల గీతలు మొద్దుబారాయి, హంస ముక్కు చెదిరింది, వేలితో రాస్తే సున్నంలాంటి పొడి అంటింది.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఫొటో తీసి గ్రూపులో పెట్టి, సిమెంటు పోత పోసి రంగు పూసి రాయి అని అమ్ముతున్నారు, దొంగలు, ఎవరూ కొనకండి అని రాశాను. కింద వరసగా వ్యాఖ్యలు పడ్డాయి. కేసు పెట్టమన్నారు కొందరు, ఆ ముఖాలేవో చూడాలన్నారు ఇంకొందరు. ప్రతిదానికీ చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. అదే రోజు మధ్యాహ్నం ఆ పేజీ నుంచి నాకు విడిగా ఒక మెసేజ్ వచ్చింది. ‘అమ్మా, నమస్కారం. దీపం దేనితో కడిగారు?’ నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళుగా దేవుడి సామాను తోముతున్నాను, నాకు కడగడం నేర్పుతారా అని జవాబిచ్చాను. అంతటితో ఆగకుండా ఆ మెసేజ్‌నీ నా జవాబునీ ఫొటోగా తీసి గ్రూపులో పెట్టాను. అందరూ నవ్వారు. అటునుంచి మళ్ళీ మాట రాలేదు.

మొన్న ఆదివారం పులిహోర కలుపుతూ నిమ్మకాయలు పిండాను. పిండిన చెక్కను గట్టు మీద పెట్టబోయి, అలవాటు కొద్దీ చెయ్యి వెనక్కి తీసుకుని పళ్ళెంలో వేశాను. మా వంటగట్టు నల్ల కడప బండ. ఇల్లు కట్టిన కొత్తలో దానిమీద నిమ్మచెక్క పెట్టి మరిచిపోతే గుండ్రంగా తెల్ల మచ్చ పడింది. పద్దెనిమిదేళ్ళయినా అది పోలేదు. అప్పటి నుంచి గట్టు మీద ఎవరు పులుపు పెట్టినా కసురుతాను. ఆ మచ్చ వైపు చూస్తూ నిలబడిపోయాను. పులుపు రాయిని తింటుందని నాకు పద్దెనిమిదేళ్ళ నుంచి తెలుసు.

వెంటనే గ్రూపులో నేను పెట్టినవి రెండూ తీసేశాను. కానీ అప్పటికే చాలామంది వాటిని వేరే గ్రూపులకు పంపి ఉన్నారు, అవి నా చేతిలో లేవు. క్షమించమని మెసేజ్ పెడితే ఒక్క టిక్కే పడింది. ఫోన్ చేస్తే స్విచాఫ్. పేజీ వెతికితే కనిపించలేదు. అదృష్టం ఏమిటంటే, కొన్న ప్రతి వస్తువు పెట్టె మీది చిరునామా కత్తిరించి బిల్లుతో కలిపి ఫైలులో పెట్టుకుంటాను. తీసి చూశాను. షాపు పేరేమీ లేదు. కోటేశ్వరి, కేరాఫ్ బ్రహ్మయ్య, దుర్గి. అంతే. ‘మేము’ అంటే ఆ ఇద్దరేనేమో అని అప్పుడు తట్టింది.

దుర్గి వెళ్తానంటే మావారు పేపరు దించి చూశారు.

“ఫోన్లోనే తిట్టావు, ఫోన్లోనే సారీ చెప్పు. దానికి బస్సెక్కి పోవడమేంది?”

“ఆ ఫోన్ తీయడం లేదుగా” అన్నాను.

ఇక ప్రయాణం. నరసరావుపేట బస్టాండులో పిడుగురాళ్ల, గురజాల మీదుగా మాచర్ల వెళ్ళే బస్సు ఆరు నలభైకి దొరికింది. ఆడవాళ్ళకు ఇప్పుడు టికెట్ లేదు కనుక ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా అని ఉన్న టికెట్ కొట్టి ఇచ్చాడు. సున్నా అయినా టికెట్ తీసుకుని పర్సులో పెట్టుకోండి, తనిఖీ వాళ్ళు ఎక్కితే అడుగుతారు. బస్సులో కుడివైపు కిటికీ సీటు దొరికింది. ఒళ్ళో చేతిసంచి, సంచిలో పాత తువాలులో చుట్టిన ఆ దీపం, ఒక డబ్బా నువ్వుల లడ్డూలు. ఎవరింటికైనా చేతులూపుకుంటూ వెళ్ళడం నాకు రాదు, వెళ్ళేది తిట్లు తినడానికైనా సరే.

ఊరు దాటాక రెండు వైపులా మిరప చేలు, పత్తి చేలు. పత్తి తీతలు నడుస్తున్నాయి, ఎడ్లబండ్ల బదులు ట్రాక్టర్లు, ఆటోలు పత్తి కుక్కిన బోరేలతో నిండి వెళ్తున్నాయి. పిడుగురాళ్ల దగ్గరికి వచ్చేసరికి సున్నపు బట్టీల దుమ్ముకు రోడ్డు పక్క చెట్లు తెల్లగా ఉన్నాయి. ఈ దారిలో ఎన్నోసార్లు వెళ్ళాను కానీ ఈ నేలంతా సున్నపు రాయేనన్న సంగతి ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇక్కడ అదే రాయిని కాల్చి సున్నం చేస్తారు, మాచర్ల వైపు బండలుగా కోస్తారు, దుర్గిలో చెక్కుతారు. ఇవన్నీ నా జిల్లాలోనివే. సిమెంటు అని రాసే ముందు ఇది గుర్తు రావాల్సింది.

మాచర్లలో దిగేసరికి తొమ్మిదింపావు. బస్టాండు ఎదురుగా రెండు ఇడ్లీ, టీ కలిపి నలభై ఐదు. దుర్గికి బస్సులున్నాయి కానీ తక్కువ, షేర్ ఆటోలే నయం. మనిషికి ముప్పై. ఆరుగురు నిండితేగాని కదలవు కనుక ఒక పావుగంట వేచి ఉండాలి. నేనెక్కిన ఆటో కరీముల్లా అనే అతనిది. నలభై ఏళ్ళుంటాయి, మాట చురుకు. నా పక్కన సంత సంచులతో ఒక పెద్దావిడ కూర్చుంది. బండి ఊరు దాటాక అతను అద్దంలో చూస్తూ దుర్గిలో ఎవరింటికని అడిగాడు. రాతి దీపాలు చెక్కే బ్రహ్మయ్య గారింటికని చెప్పాను.

“కొనేదానికా అక్కా? కొనండి, కొనండి. బేరానికని ఆ ఇంటికి మనిషి పోయి వారం అయింది.”

వాళ్ళ పెట్టెలన్నీ తన ఆటోలోనే మాచర్ల కొరియర్‌కు వచ్చేవని చెప్పాడు. వారానికి రెండుసార్లు, పది పెట్టెలు ఒకసారి, పదిహేను ఒకసారి. ఇప్పుడు ఒక్కటి కూడా లేదట. ఎందుకని అని అడిగాను. తెలిసే అడిగాను.

“నర్సరావుపేట ఆవిడంట. సిమెంటు బొమ్మలని ఫోన్లో ఏందో రాసిందంట. పౌర్ణమికి ఇయ్యాల్సిన నలభై దీపాలు వద్దని చెప్పేశారు. చెక్కినయ్యి చెక్కినట్టే ఉన్నయ్. బ్రహ్మయ్యన్న పై వారం నుంచి బండల ఫ్యాక్టరీకి పోతానంటన్నాడు.”

“చేతిపని మానేసి కూలికి పోవడమేందిరా” అంది పక్కన పెద్దావిడ. “ఆ రాసినామెకి ఇంట్లో పనీ పాటా లేదేమో.”

పొద్దున చేసుకొచ్చిన ఐదు పనులూ గుర్తొచ్చాయి. మీది ఏ ఊరు అక్కా అని కరీముల్లా అడిగితే గుంటూరు వైపు అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆ మాట నోట్లోంచి వచ్చాక మిగతా దారంతా సంచి పట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాను.

దుర్గిలో పది దాటాక దిగాను. చెక్కే ఇళ్ళు వెతకనక్కర్లేదు, చప్పుడే దారి చూపిస్తుంది. రేకుల పందిళ్ళ కింద సుత్తి, ఉలి ఆడుతుంటాయి. వాకిళ్ళలో సగం చెక్కిన దేవుళ్ళు, నందులు, ఇంటి ముందు పెట్టుకునే చిన్న ఏనుగులు నిలబడి ఉంటాయి. ఎవరి పందిరిలోకి వెళ్ళి నిలబడి చూసినా ఏమీ అనరు, కొనమని వెంటపడరు. రాతిపొడి మాత్రం కళ్ళలో పడుతుంది, కళ్ళజోడు ఉంటే పెట్టుకోండి.

బ్రహ్మయ్య గారి పందిరి వీధి చివర. సన్నగా ఉన్న మనిషి, ముక్కుకు గుడ్డ కట్టుకుని తలుపు గడపకు పెట్టే రాతి మీద పువ్వు చెక్కుతున్నాడు. నన్ను చూసి గుడ్డ దించి, రండమ్మా, కూర్చోండి అని స్టూలు జరిపాడు. వెనక గోడ పొడుగునా దీపాలు పేర్చి ఉన్నాయి. చూపు పడగానే లెక్కపెట్టాను, వరసకు పది చొప్పున నాలుగు వరసలు. ఒక్కో దీపం మీదా హంస.

లోపలి నుంచి ఆయన భార్య వచ్చింది. ముప్పై ఐదేళ్ళ లోపే. చేతుల నిండా తడి, ఒక చేతిలో రాయిని నున్న చేసే గరుకు కాగితం. నన్ను చూసి గుమ్మంలోనే ఆగింది. గ్రూపులో నా పేరు పక్కన నా ఫొటో ఉంటుంది.

“మీరు విజయలక్ష్మి గారు కదండీ” అంది.

అవునన్నాను. బ్రహ్మయ్య ఎవరని అడిగితే ఆమె నర్సరావుపేట అని ఒక్క మాట చెప్పింది. ఆయన నా ముఖంలోకి చూశాడు. గుడ్డ ముక్కు మీదికి లాక్కుని మళ్ళీ సుత్తి అందుకున్నాడు. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు చెప్పాల్సినవన్నీ వరసగా నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ చప్పుడులో ఒక్కటీ గుర్తు రాలేదు. సంచిలోంచి దీపం తీసి తువాలు విప్పి స్టూలు మీద పెట్టాను.

“మీరు నన్నొక మాట అడిగారు. నేను జవాబు చెప్పలేదు” అన్నాను.

“ఇప్పుడెందుకులెండి.”

“చింతపండు, ఉప్పు. గుజ్జు పట్టించి రాత్రంతా వదిలేశాను.”

సుత్తి ఆగింది. బ్రహ్మయ్య లేచి వచ్చి దీపాన్ని చేతిలోకి తీసుకుని, ఎండ వైపు తిప్పి, బొటనవేలితో రేకుల మీద తడిమి చూశాడు.

“ఇది సున్నపు రాయమ్మా. పులుపు తగిలితే పాలు విరిగినట్టు విరుగుద్ది. రాత్రంతా పెట్టారా?” అన్నాడు. ఆ అడగడంలో కోపం లేదు. దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి చూసి ఎక్కడ పడ్డాడని అడిగినట్టుంది.

నేను కోటేశ్వరి వైపు తిరిగి, మీకు తెలియదు కదా, అందుకే అడిగారు కదా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఫొటో చూసినప్పుడే తెలిసిందండీ. కార్తీకం కదా, అందరూ ఇత్తడి తోమే రోజులు.”

“మరి గ్రూపులో అందరి ముందు ఆ మాట చెప్పాల్సింది. అప్పుడే తేలిపోయేది.”

“చెప్తే అందరి ముందూ మీరు తల దించుకోవాలి. పెద్దావిడ, అందరూ మాట వినే మనిషి. అందుకని విడిగా అడిగా. మీ అంతట మీరే చెప్తారనుకున్నా.”

వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. నా పరువు కాపాడ్డానికి ఆమె ఎవరూ చూడకుండా అడిగిన మాటను నేను ఫొటో తీసి నలుగురి ముందూ పెట్టి నవ్వించాను. ఆమె కూడా అదే చెప్పింది, గొంతు పెంచకుండా.

“దొంగలన్నారు, సరే. డబ్బు పోయిందన్న కోపంలో ఎవరైనా అంటారు. నేను మీకొక్కరికే రాసింది అందరికీ చూపించారు, అదే పట్టుకుంది నన్ను. కింద నవ్విన వాళ్ళవి ఒక్కొక్కటీ చదివా. మా గడపలో నిలబడి ఉంటే అనేవాళ్ళా అక్కా ఆ మాట?”

“లేదు” అన్నాను. నిజం అదే. గడపలో నిలబడి ఉంటే ముందు మంచినీళ్ళు అడిగి, తర్వాత దీపం చూపించి, ఇలా అయిందేమిటమ్మా అనేదాన్ని.

ఆ తర్వాత రెండు పొరపాట్లు చేశాను, అవీ రాస్తాను. మొదటిది, మిగిలిన దీపాల్లో పది నేను కొంటానన్నాను. ఆమె ముఖం మళ్ళీ బిగుసుకుంది. “జాలికి కొనొద్దండీ. పది దీపాలు ఏం చేసుకుంటారు? మీకొకటి కావాలంటే ఒకటి కొనండి” అంది. రెండోది, గ్రూపులో పెట్టడానికి రాసుకొచ్చింది చదివి వినిపించాను. ‘పాపం, పేద కళాకారుల కడుపు కొట్టాను’ అని మొదలవుతుంది. బస్సులో అది రాసుకున్నప్పుడు నాకే కన్నీళ్ళొచ్చాయి. ఆమె మొదటి వాక్యం దగ్గరే చెయ్యి ఎత్తి ఆపింది.

“పాపం తీసేయండి. పేద కూడా తీసేయండి. మేం ఎవర్నీ అడుక్కోలేదు. రాయి అసలైందని రాయండి, దేనితో కడగాలో రాయండి. చాలు.”

రెండు మాటలూ కొట్టేశాను. నవ్విన వాళ్ళ పేర్లు కూడా రాస్తానంటే, వాళ్ళనేమీ అనొద్దు, మళ్ళీ అదే పని అవుతుంది అంది. మొత్తం పేజీన్నర రాసుకెళ్ళాను, ఐదు వాక్యాలు మిగిలాయి. అవే సరిపోయాయి.

అప్పటికి పొద్దెక్కింది. మాటల మధ్యలో ఆమె నీళ్ళు, తర్వాత టీ తెచ్చింది, నేను లడ్డూల డబ్బా ఇచ్చాను. మెసేజుల్లో ‘మేము’ అని ఎందుకు రాస్తావని అడిగాను. తాను పదో తరగతి చదివిందట, పేజీ, ఫొటోలు, జవాబులు అన్నీ తనే చూసుకుంటుందట. మొదట్లో ‘నేను’ అని రాస్తే, ఆడమనిషి ఒక్కతే ఉందని అడ్డమైన మెసేజులు వచ్చేవట. ‘మేము’ అంటే మర్యాదగా మాట్లాడతారని అలా మార్చుకుందట. ఆ ‘మేము’ చూసే కదా నేను ఎదురుగా మనిషే లేనట్టు మాట్లాడాను. ఆ సంగతి ఆమెకు చెప్పాను. ఎటు రాసినా తంటాయే అని మొదటిసారి నవ్వింది.

ఈలోగా బ్రహ్మయ్య నా దీపాన్ని ఒళ్ళో పెట్టుకుని సన్న ఉలితో పని మొదలుపెట్టాడు. అడగలేదు, చెప్పలేదు. పొడిబారిన పైపొర గీకి, రేకుల గీతలు మళ్ళీ దింపి, హంసకు ముక్కు తీర్చాడు. తర్వాత ఆమె నీళ్ళలో ముంచిన గరుకు కాగితంతో నున్న చేసింది. గంటన్నర పట్టింది. మునుపటి కంటే రేకులు కొంచెం పల్చబడ్డాయి, పక్కన కొత్తది పెట్టి చూస్తేనే తెలుస్తుంది. కూలి ఎంత అంటే, మీ దీపమే కదా, బాగు చేయడం కూడా పనిలో భాగమే అన్నాడు. నేను మళ్ళీ అడగలేదు, పొద్దున నేర్చుకున్నది చాలు. మా చెల్లెలికి ఇవ్వడానికని ఒకే ఒక కొత్త దీపం తీసుకున్నాను. చేతికి తీసుకుంటే కొరియర్ ఉండదు కనుక ఏడు వందల ముప్పై.

ఆమె దాన్ని పెట్టెలో సర్దుతుంటే అడుగున ఒక చీటీ కనిపించింది. గుండ్రటి చేతిరాత. ‘నీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. చింతపండు, నిమ్మకాయ, పెరుగు తగలనివ్వకండి.’ గోడ దగ్గరికి వెళ్ళి చూస్తే ప్రతి దీపం కిందా అదే చీటీ మడిచి పెట్టి ఉంది. ఎప్పుడు రాశావన్నాను. నా జవాబు వచ్చిన మర్నాడేనట.

“చెప్పకుండా పంపడం మా తప్పే కదక్కా. ఇక్కడ అందరికీ తెలుసు కాబట్టి చెప్పాలని తోచలేదు.”

ఆర్డరు పోయిన దీపాల కింద, ఎవరు కొంటారో తెలియకుండా, కూర్చుని నలభై చీటీలు రాసిన మనిషి ఈమె. నేను దొంగ అన్నది ఈమెను.

భోజనం చేయకుండా వెళ్ళనివ్వలేదు. అన్నం, కందిపచ్చడి, చారు. చారు వడ్డిస్తూ, చింతపండు చారే అక్కా, రాయికి పడదు గాని మనుషులకి పడుద్ది అంది. బ్రహ్మయ్య తల వంచుకుని తింటూనే నవ్వాడు. ఫ్యాక్టరీ సంగతి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయనే అన్నాడు, పై వారం సంగతి పై వారం చూద్దామని.

రెండున్నరకు కరీముల్లా ఆటో ఇంటి ముందుకే వచ్చింది. ఊరు దాటాక నేనే చెప్పాను. పొద్దున గుంటూరు వైపు అన్నాను, మాది నరసరావుపేట, ఆ రాసింది నేనే.

“తెలిసిందిలే అక్కా. కోటేశ్వరమ్మ పక్కింటి ఫోన్ నుంచి చేసింది, మిమ్మల్ని దగ్గరుండి బస్సెక్కించమని” అన్నాడు. మాచర్లలో దిగి ముప్పై ఇస్తే చేతిలో పెట్టుకుని చూశాడు. “పొద్దున తెలిసుంటే యాభై తీసుకుందును.”

తిరుగు బస్సు మూడున్నరకు. మళ్ళీ సున్నా టికెట్. ఆ ఐదు వాక్యాలు ఫోన్‌లోకి ఎక్కించి నాలుగుసార్లు చదివి, గురజాల దాటాక గ్రూపులో పెట్టాను. బాగైన దీపం ఫొటో, నా తప్పు, రాయి అసలైనదన్న మాట, కడిగే పద్ధతి. వాటి కింద, ఇంతకు ముందు నేను పెట్టింది ఎవరికైనా పంపి ఉంటే ఇది కూడా అక్కడికి పంపమని ఒక విన్నపం. కొందరు పంపామని రాశారు. నవ్విన వాళ్ళలో ఇద్దరు తమ వ్యాఖ్యలకు తామే సిగ్గుపడుతున్నామన్నారు. ఒకావిడ మాత్రం, ఎంత ముట్టింది అక్కా మీకు అని అడిగింది. నాలుగు మాటలతో కడిగి పారేద్దామని టైపు చేశాను. పంపే చోట వేలు ఆగింది. మొత్తం తుడిచేసి, ఆమెకు విడిగా, ఎందుకలా అనిపించిందమ్మా అని రాశాను. పిడుగురాళ్ల దాటేసరికి జవాబు వచ్చింది. ఎవరో మంచివని రాస్తే నమ్మి చీరలకు డబ్బు పంపిందట, చీరలూ రాలేదు, డబ్బూ రాలేదు. ఆమె నన్నన్న మాట వెనక ఉన్నది ఆ చీరలు. ఇంటికి చేరేసరికి ఆరుంపావు.

ఈ ఒక్క రోజులో నాకు అర్థమైంది పెద్ద విషయమేమీ కాదు. ఫోన్‌లో మనకు కనిపించేది ఒక పేరు, ఒక గుండ్రటి బొమ్మ. దాని వెనక తడిచేతులు తుడుచుకుని జవాబు రాసే మనిషి ఉంటుంది, ఆమె రాసే మాట వెనక మనం చూడని ఆలోచన ఉంటుంది. నాకు కోపం రావడం తప్పు కాదు. డబ్బు పెట్టి కొన్నాను, వస్తువు పాడైంది. తప్పల్లా అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా తీర్పు చెప్పడం. ఇంటి గుమ్మంలో నిలబడితే ఎలా మాట్లాడతామో ఆ మాటే రాయడానికి నాకు యాభై రెండేళ్ళు వచ్చాక దుర్గి దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఆ వీధి, ఆ పందిళ్ళు చూడ్డానికైనా మీరు ఒకసారి వెళ్ళండి. పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. కొనేది పక్కన పెడితే ఆడవాళ్ళకు మనిషికి రెండు వందలు దాటదు.

ఒక్క సలహా. అక్కడ ఏ రాతి వస్తువు కొన్నా, డబ్బు ఇచ్చే ముందే చెక్కిన మనిషిని అడగండి, దీన్ని దేనితో కడగాలని. ఆన్‌లైన్‌లో కొంటే మెసేజ్ పెట్టి అడగండి. సంతోషంగా చెప్తారు.

నవంబరు 12, బుధవారం. పొద్దున అయిన పనులు ఐదు. దీపం నీళ్ళతో, మెత్తటి గుడ్డతో తుడిచి వెలిగించాను. ఏడింటికి ఫోన్ చూస్తే, ఆదివారం నేను పెట్టిన మెసేజ్‌కు రెండో టిక్కు పడి ఉంది. దాని కింద కోటేశ్వరి పంపిన ఫొటో, కరీముల్లా ఆటో వెనక సీట్లో రెండు పెట్టెలు. కొంచెం పైకి జరిపితే ఆమె పాత ప్రశ్న ఇంకా అలాగే ఉంది, దాని కింద నా పొగరు జవాబు. ఆ ప్రశ్న మీద వేలు నొక్కి పట్టి, దానికే జవాబుగా రాశాను: ‘చింతపండుతో, ఉప్పుతో. రాత్రంతా.’ తర్వాత ఇంటి ఖర్చుల ఖాతా పుస్తకంలో ఈ వారం పేజీ తీశాను.

బాకీ: కోటేశ్వరికి ఒక జవాబు. చెల్లు.